మంచం కింద అద్దాలు

ఆ వేసవంతా మా మంచం కింద రెండు కారు అద్దాలు ఉన్నాయి. వాటిని పాత దుప్పట్లో చుట్టి, ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యలో నా చీరొకటి మడిచి పెట్టారు మావారు. "అదే దొరికిందా మీకు?" అంటే, "మెత్తగా ఉంది సావిత్రీ, గీతలు పడవు" అన్నారు. అది మా అత్తగారు పెట్టిన చీర. కట్టుకుంటే నాకు ఒళ్ళంతా గుచ్చుకునేది. అద్దాలకి మెత్తగా ఉందంటే సరే అనుకున్నాను.

అద్దాలు మావి కావు, కారూ మాది కాదు. దోహాలోని అల్ ఘర్రాఫాలో మేం అద్దెకున్న విల్లా యజమాని అబూ హమద్‌ది. విల్లాని నాలుగు వాటాలు చేసి మాలాంటి వాళ్ళకి అద్దెకిచ్చాడాయన. వెనక షెడ్డులో ఆయన తండ్రి నడిపిన పాత అమెరికన్ కారు, టాపు వెనక్కి మడిచేసే రకం, ఏళ్ళ తరబడి దుమ్ము తింటూ పడుండేది. మావారు కృష్ణప్రసాద్ మెకానికల్ ఇంజనీరు. పెద్ద పెద్ద భవనాల ఏసీ ప్లాంట్లు చూసే ఉద్యోగం. చేతులు ఊరుకోక ఆ కారుని తానే అడిగి తీసుకుని, శుక్రవారాల్లో బాగుచెయ్యడం మొదలుపెట్టారు. ఇంజను తిరిగింది. రంగు పడింది. కొత్త టాపు కుట్టించారు. రంగు కోసం ఊడదీసిన వెనక పక్క అద్దాలు మాత్రం మళ్ళీ ఎక్కలేదు. అవే మా మంచం కిందకొచ్చాయి.

మే నెలలో మావారి ఉద్యోగం పోయింది. ప్రాజెక్టు అయిపోయిందన్నారు, చెయ్యి కలిపారు, కంపెనీ కారు తాళం తీసుకున్నారు. ఇక్కడ ఉద్యోగం పోతే ఉద్యోగం ఒక్కటే పోదు. మా ముగ్గురి వీసా దాని మీదే నిలబడి ఉంది. ఆగస్టు నెలాఖరుకి ఇంకో కంపెనీ చేర్చుకోకపోతే దేశం వదిలి వెళ్ళాల్సిందే. మా ధాత్రి పన్నెండో తరగతిలో ఉంది. మధ్యలో బడి మారితే ఏడాది పోయినట్టే. ఒకటో తరగతి నుంచీ ఒకే బడి, ఒకే స్నేహితులు. దానికి మా కాకినాడంటే సెలవులకి వెళ్ళొచ్చే ఊరు, అంతే.

"ధాత్రికి చెప్పొద్దు," అన్నారు మావారు. "చదువు చెడుతుంది. అసలెవరికీ చెప్పొద్దు. రెండు మూడు చోట్ల మాట నడుస్తోంది. వచ్చాక ఒకేసారి చెబుదాం."

నేను సరేనన్నాను. అప్పుడు అది పెద్ద విషయంలా అనిపించలేదు.

జూన్ చివర్లో బళ్ళకి సెలవులిచ్చేసరికి మా విల్లా ఖాళీ అయిపోయింది. ఏటా అంతే. దోహాలో వేసవంటే మనవాళ్ళంతా సూట్‌కేసులు తూకం వేసుకుని ఎయిర్‌పోర్టుకి పోయే కాలం. ఎవరు ఉండిపోతే వాళ్ళింటికి మిగతా అందరి తాళాలూ వచ్చి చేరతాయి. మొక్కలకి నీళ్ళు పొయ్యాలి, కుళాయిలు తిప్పి చూడాలి, ఎప్పుడైనా ఒకసారి తలుపులు తీసి గాలి ఆడనివ్వాలి. ఆ ఏడు ఉండిపోయింది మేమే. మూడు వాటాల తాళాలూ నా వంటింటి గోడకి వేలాడాయి.

"మీరు రావట్లేదేంటి సావిత్రక్కా?" అని పై వాటా మనోజ్ఞ తాళం ఇస్తూ అడిగింది.

"ధాత్రి చదువూ, ఈయన కారూ," అన్నాను. "ఆ వెనక అద్దాలు బిగించకపోతే ఈయన విమానం ఎక్కరట."

మనోజ్ఞా వాళ్ళాయన అమరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని నాకప్పుడే తెలిసింది.

అసలు చిక్కు మర్నాడు మొదలైంది. సెలవులు కాబట్టి ధాత్రి రోజంతా ఇంట్లోనే. మావారు ఎక్కడికి పోవాలి? ఎండ చూస్తే పిట్ట కూడా నేల మీద వాలేలా లేదు. ఒక రోజు మాల్‌లో కూర్చుని వచ్చారు. రెండో రోజు అక్కడ తెలిసినవాళ్ళు కనిపించి, "ఏంటి సార్, డ్యూటీ లేదా?" అని పలకరించారట. ఆ సాయంత్రం నా వెనకాలే వంటింట్లోకి వచ్చి, గోడకున్న తాళాల వంక చూశారు.

"అమర్ వాళ్ళ హాల్లో కూర్చుంటా," అన్నారు గొంతు తగ్గించి. "ఏమీ ముట్టుకోను. లాప్‌టాప్ పెట్టుకుని అప్లికేషన్లు పంపుకుంటా."

"బాగానే ఉంది. పరాయి వాళ్ళింట్లో దొంగలాగా."

"మరి ఎక్కడికి పొమ్మంటావు?"

గోడకున్న తాళం తీసి ఆయన చేతిలో పెట్టాను. మర్నాటి నుంచి మావారు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, భోజనం డబ్బా సంచిలో పెట్టుకుని, "కంపెనీ కారు ఇంకో సైటుకిచ్చారు, ఫ్రెండు వచ్చి ఎక్కించుకుంటాడు" అని ధాత్రికి చెప్పి, గేటు దాకా నడిచి, గోడవారగా తిరిగొచ్చి, బయటి మెట్లెక్కి పైకి పోయేవారు. మధ్యాహ్నం నేను కింద పప్పు తాలింపు వేస్తుంటే, నా నెత్తి మీదే ఎక్కడో ఆయన చల్లారిన అన్నం తింటున్నారని తెలిసేది. చెప్పులు విప్పేసి నడిచేవారు. అయినా నాకు అడుగులు వినిపించేవి. గట్టిగా దగ్గొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారేమో, సగం దగ్గే వినిపించేది. ధాత్రి పుస్తకంలోంచి తలెత్తితే చాలు నేను మిక్సీ వేసేదాన్ని.

సాయంత్రం అయిదు దాటాక అదే మెట్లు దిగి, గేటు చప్పుడు చేసి, ఇంట్లోకి వచ్చేవారు. చొక్కా మొత్తం తడిసి ఉండేది. కాలరు మీద ఉప్పు చారలు కట్టేవి.

"రోజంతా ఏసీలో కూర్చునే మనిషికి ఇంత చెమటేమిటండీ? మెట్లు దిగితేనే?" అని ఎత్తిపొడిచేదాన్ని.

"బయటెలా ఉందో నువ్వు చూశావా?" అనేవారు. ఆ చొక్కాలు ఉతికి ఉతికి నాకు విసుగొచ్చింది. నేనేమో వంటింటికీ ఆ రహస్యానికీ మధ్య ఉక్కిరిబిక్కిరవుతున్నాను, ఆయనకేం, పైన చల్లగా కూర్చుంటున్నారు అనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే నాకు ఆయనంటే అసూయగా ఉండేది.

ఇంటికొచ్చి టీ తాగగానే షెడ్డులోకి. వారానికోసారి చేసే పని రోజూ అయింది. పక్కన నేను. ఎందుకంటే వెనక సీటు పక్క రేకులో అద్దం దిగే ఖాళీలోకి ఆయన చెయ్యి పట్టదు. నా చెయ్యి పడుతుంది, అదీ గాజులు తీస్తే. రోజూ గాజులు తీసి ఆ కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి, వెనక సీట్లో ఒరిగి, రేకులో ఉన్న కంతలోంచి చెయ్యి లోపలికి పోనిచ్చేదాన్ని. బయట నిలబడి ఆయన అద్దాన్ని పై నుంచి దించేవారు. అద్దాన్ని ఎత్తి దించే ఇనప చెయ్యొకటి లోపల ఉంటుంది, దాని చివరున్న చక్రాన్ని నేను తడుముకుంటూ అద్దం కింది గాడిలోకి ఎక్కించాలి. షెడ్డు రేకులు పగలంతా తాగిన ఎండని అప్పుడు మా మీద కక్కేవి.

అద్దం ఎక్కేది గానీ కుదిరేది కాదు. ఈ కారుకి ముందు తలుపుకీ వెనక అద్దానికీ మధ్య స్తంభం లేదు. తలుపు అద్దం అంచూ, వెనక అద్దం అంచూ పై నుంచి కింద దాకా తాకాలి, రెండూ టాపు రబ్బరుకి ఆనాలి. మాకు కింద తాకితే పైన వేలు దూరేంత సందు. పైన తాకిస్తే టాపు వేసేటప్పుడు అద్దానికి తగిలేది.

"తలుపు అద్దమే వంకరగా ఉందేమో. ముందు దాన్ని సరిచేసి, దాన్నిబట్టి ఇది పెట్టండి," అన్నాను. "చంక సరిగ్గా కత్తిరించకుండా చెయ్యి అతికిస్తే జాకెట్టు కుదురుతుందా?"

"తలుపు అద్దం నేను పెట్టిందే. అది కరెక్టు."

"మీరు పెట్టారు కాబట్టి కరెక్టా?"

"ఇది జాకెట్టు కాదు సావిత్రీ."

ఆ మాటతో ఆ రోజు పని ఆగేది. మర్నాడు మళ్ళీ అదే అద్దం, అదే సందు.

జులై మొదట్లో ఒక సాయంత్రం అబూ హమద్ వచ్చాడు. కాళ్ళ దాకా తెల్లటి తోబు, చేతిలో కాగితం గ్లాసుల్లో కరక్ చాయ్. మంచివాడు. నెల మొదట్లో అద్దె ఆలస్యమైనా మాట అనేవాడు కాదు.

"యా మొహందిస్! ఖలాస్?" అన్నాడు. ఇంజనీరుని వాళ్ళలాగే పిలుస్తారు. ఖలాస్ అంటే అయిపోయిందా అని.

"రెండు వారాల్లో సర్," అన్నారు మావారు.

ఆయన కారు చుట్టూ తిరిగి, రంగు మీద చెయ్యి ఆన్చి, ఇంగ్లీషులో అన్నాడు: "నా తమ్ముడి కంపెనీకి నీలాంటి మనిషి కావాలి. మాల్సులో ఏసీ పనులు వాళ్ళవే. వస్తావా?"

నేను వెనక సీట్లో ఉన్నాను. నా చెయ్యి మోచేతి దాకా కారు లోపల, చక్రాన్ని పట్టుకుని ఉంది. వదిలితే అద్దం జారుతుంది. చెప్పండి, చెప్పండి అని లోపల్లోపల అరుస్తున్నాను.

మావారు నవ్వారు. "థాంక్యూ సర్. మా కంపెనీలో ఇప్పుడు చాలా పని ఉంది. కారు అవనివ్వండి, తర్వాత మాట్లాడదాం. ఇన్షా అల్లా."

"ఇన్షా అల్లా," అని ఆయన వెళ్ళిపోయాడు.

చెయ్యి బయటికి లాక్కున్నాక నా నోరు ఆగలేదు. "దేవుడు చాయ్ గ్లాసు పట్టుకుని షెడ్డులోకొచ్చి అడిగితే తర్వాత రమ్మంటారా? మీకు మతి ఉందా?"

"ఉద్యోగం పోయినవాడు అడిగితే ఒకలా చూస్తారు, పనిచేసి చూపించినవాడు అడిగితే ఒకలా చూస్తారు. కారు చేతికిచ్చి అప్పుడు అడుగుతా. ఖాళీ చేతుల్తో అడిగితే లోకువ."

"లోకువైతే అయింది, వీసా ఉంటుంది కదా!"

"మెల్లగా. ధాత్రి వింటుంది."

ఇదీ మా ఇల్లు. గట్టిగా పోట్లాడుకోవడానికి కూడా వీల్లేదు. మంచం మీద పడుకున్నా గుసగుసలే, కింద ఆ అద్దాలు. ఫోనులో మనోజ్ఞ "కరివేపాకు చిగురేసిందా అక్కా?" అంటే, వీడియో తియ్యడానికి పైకి వెళ్ళాలంటే ముందు మావారికి మెసేజ్ పెట్టి బాల్కనీ వైపు రావొద్దని చెప్పాలి. మొక్కలకి బయటి మెట్ల మీంచి నేరుగా బాల్కనీలోకి వెళ్ళి నీళ్ళు పోసి వచ్చేదాన్ని. పరాయి వాళ్ళ హాల్లో మా ఆయన కూర్చుని ఉండటం చూడలేక, లోపలికి తొంగి కూడా చూసేదాన్ని కాదు.

మాట నడుస్తోందన్న చోట్లన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆగస్టు వచ్చింది.

ఆ రోజు సాయంత్రం ఎడమ పక్క అద్దం పని. నేను చెయ్యి లోపలికి పెట్టాను. ఆయన అద్దం దించుతున్నారు. చక్రం గాడి అంచు దాకా వచ్చి జారింది. లోపలి స్ప్రింగు ఒక్కసారి లాగింది. ఇనప చెయ్యి వచ్చి నా మణికట్టుని రేకుకి అదిమి పట్టేసింది. అరిచాను.

"లాగకు! లాగకు!" అన్నారాయన. అద్దం ఆయన రెండు చేతుల్లో ఉంది. వదిలితే సరాసరి నా చేతి మీదికి దిగుతుంది.

"హ్యాండిల్ తిప్పండి!" అన్నాను. హ్యాండిల్ తిప్పితే ఇనప చెయ్యి పైకి లేస్తుంది.

ఆయన కళ్ళు రేకు మీద హ్యాండిల్ ఉండాల్సిన చోటికి పోయాయి.

"హ్యాండిల్ ఏదండీ?"

"తుప్పు గీకుదామని పొద్దున్న తీసుకెళ్ళా," అన్నారు. "పైనుంది."

నేను కదల్లేను. ఆయన కదల్లేరు. చెమట కళ్ళల్లోకి కారుతోంది, తుడుచుకునే చెయ్యి లేదు ఇద్దరికీ. మణికట్టు నొక్కుకుపోయి వేళ్ళు మొద్దుబారడం మొదలైంది. ఆయన నా ముఖం చూశారు, విల్లా వైపు చూశారు, మళ్ళీ నా ముఖం చూశారు. తర్వాత, ఆ వేసవిలో మొదటిసారి, గొంతెత్తి పిలిచారు.

"ధాత్రీ!"

అది చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. నన్ను చూసి దాని ముఖం పాలిపోయింది.

"నా ప్యాంటు జేబులో తాళం ఉంది, తియ్యి," అన్నారు మావారు. "అమర్ అంకుల్ వాళ్ళ హాల్లో నా సంచి ఉంటుంది. అందులో ఇనప హ్యాండిల్ ఉంది. పట్రామ్మా."

"అమర్ అంకుల్ వాళ్ళింట్లోనా? అక్కడ నీ సంచెందుకుంది?"

"ముందు తీసుకురామ్మా."

ధాత్రి ఆయన ఆఫీసు ప్యాంటు జేబులోంచి తాళం తీసుకుని పరుగెత్తింది. మెట్ల మీద అడుగులు, తలుపు చప్పుడు. నాకు నొప్పి కంటే భయం ఎక్కువగా ఉంది. ఏం చెబుతాం? ఎలా మొదలుపెడతాం? పనికిరాని మాటలన్నీ వెతుక్కుంటున్నాను. అనుకున్నదానికంటే అది ఆలస్యంగా వచ్చింది. వచ్చి, ఆయన చెప్పినట్టు హ్యాండిల్ తగిలించి తిప్పింది. ఇనప చెయ్యి లేచింది. నేను చెయ్యి బయటికి తీసుకున్నాను. వాచింది, తోలు లేచింది, విరగలేదు. ఆయన అద్దాన్ని సీటు మీద పడుకోబెట్టి వంగి నా వేళ్ళు ఒక్కొక్కటే కదిపి చూశారు.

ధాత్రి హ్యాండిల్ ఇంకా పట్టుకునే ఉంది.

"నాన్నా," అంది. "పైన ఏసీ ఎందుకు వేసుకోలేదు?"

ఆయన తలెత్తలేదు. "వాళ్ళ కరెంటు కదమ్మా," అన్నారు.

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఉప్పు చారల కాలర్లు ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. మర్నాడు పైకి వెళ్ళి చూశాను. హాల్లో సోఫాకి వేసిన కవరు వేసినట్టే ఉంది. ఆయన దాని మీద కూర్చోనే లేదు. బాత్రూం గడప దగ్గర, గచ్చు కొంచెం చల్లగా ఉండే చోట, ఒక ప్లాస్టిక్ స్టూలు, పక్కన బకెట్టు, బకెట్టు అంచున తడి తువ్వాలు. దోహాలో, జులైలో, కిటికీలు మూసిన ఇంట్లో. ఊరందరి ఏసీలూ నడిపినాయన. నేనేమో రోజూ కింద మిక్సీ వేసుకుంటూ, ఆయన చల్లగా కూర్చున్నారని కుళ్ళుకున్నాను. ఆ స్టూలు మీదే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ముందు జాలితో, తర్వాత పట్టరాని కోపంతో.

నా చెయ్యి ఇరుక్కున్న రాత్రే అన్నాల దగ్గర ధాత్రికి అన్నీ చెప్పేశాం. ధాత్రి కంచంలో వేళ్ళు ఆడిస్తూ విని, "మీరిద్దరూ ఇన్ని వారాలు గుసగుసలాడుకుంటుంటే డైవోర్స్ అనుకున్నా," అంది. "ఎవరి దగ్గర ఉండాలా అని ఆలోచించుకుంటున్నా. ఫిజిక్సు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు."

చదువు చెడకూడదని దాచిన మాట. నేనూ ఆయనా ఒకరి ముఖాలొకరం చూసుకోలేకపోయాం.

"ఎవరి దగ్గర ఉందామనుకున్నావే?" అన్నాను చివరికి.

"చెప్పను," అంది.

మర్నాటి నుంచి మావారు లుంగీ కట్టుకుని మా హాల్లో, మా ఏసీ కింద, కూతురి ఎదురుగా కూర్చున్నారు. సాయంత్రం షెడ్డులో నన్ను గానీ జాకెట్టుని గానీ తలవకుండా, తలుపు అద్దం బోల్టులు వదులు చేశారు. ముందు దాన్ని నిలబెట్టారు. టాపు వేసి ఉంచి, దాన్నిబట్టి వెనక అద్దం పెట్టారు. ఈసారి లోపల చెయ్యి పెట్టింది ధాత్రి. రెండు రోజుల్లో రెండు పక్కలా కుదిరాయి. తలుపులు వేసుకుని ముగ్గురం లోపల కూర్చున్నాం. బయట రోడ్డు చప్పుడు ఆగిపోయింది. "గాలి కూడా దూరదు," అన్నారాయన, అంచుల వెంబడి వేలు పోనిస్తూ. అంత ఆనందంగా ఆయన్ని ఆ వేసవిలో చూడలేదు.

అబూ హమద్ వచ్చి, "మాషా అల్లా" అని, మమ్మల్నందర్నీ ఎక్కించుకున్నాడు. ముందు ఆయనా మావారూ, వెనక నేనూ ధాత్రీ. కూర్చుంటూనే ఆయన చేసిన మొదటి పని, అద్దాలు నాలుగూ దించమనడం. రెండో పని, టాపు మడిచేయడం. వారాల తరబడి మేం చచ్చి చెడి పెట్టిన అద్దాలు నిమిషంలో రేకుల్లోకి దిగి మాయమయ్యాయి. "మా నాన్న ఎప్పుడూ ఇలాగే నడిపేవాడు," అన్నాడు సంతోషంగా. వేడిగాలి మొహాన కొడుతోంది. మావారి మెడ వెనక భాగం చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు అడుగుతారు అనుకున్నాను. సిగ్నలు దాటింది. ఇంకో సిగ్నలు దాటింది. ఆయన పెదవులు తడుపుకోవడం పక్క మిర్రర్‌లో కనిపిస్తోంది, మాట రావడం లేదు.

ధాత్రి ముందుకి వంగింది. బళ్ళో నేర్చుకున్న అరబిక్‌లో ఏదో చెప్పింది. నెమ్మదిగా, వెతుక్కుంటూ, ఒక్కో మాటా. నాకు అర్థమైనవి నాన్న, పని, ఆగస్టు అనే మాటలే.

అబూ హమద్ కారు పక్కకి తీసి ఆపాడు. మావారి వైపు పూర్తిగా తిరిగాడు.

"లేష్?" అన్నాడు. ఎందుకు, అని. తర్వాత ఇంగ్లీషులో, "నేనే నిన్ను అడిగాను కదా మొహందిస్. నీకు చాలా పని ఉందన్నావు."

మావారు తల దించుకున్నారు.

"నువ్వు రానన్నావని ఆ వారమే వేరే మనిషిని తీసుకున్నారు. తమ్ముడు లండన్‌లో ఉన్నాడు, అక్టోబరు దాకా రాడు. ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు." ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది."

ఆయన కారు ఇంటివైపు తిప్పాడు. ధాత్రి నా వాచిన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంటికి రాగానే మనోజ్ఞకి ఫోన్ చేసి, మీ ఇంట్లో మా ఆయన కూర్చున్నారని మొత్తం చెప్పేశాను. ఆగస్టు నెలాఖరున తాళాలు మూడూ అబూ హమద్ చేతిలో పెట్టి విమానం ఎక్కాం.

ధాత్రికి ఏడాది పోయింది. కాకినాడలో తనకంటే చిన్నవాళ్ళతో కలిసి పన్నెండు మళ్ళీ చదువుతోంది. తండ్రిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని నాకు అనిపిస్తుంది. ఆయనకి రొయ్యల కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం దొరికింది. పండక్కి అబూ హమద్ కారు ఫోటో పంపాడు. టాపు తీసి ఉంది, అద్దాలు దించి ఉన్నాయి. మావారు దాన్ని వేళ్ళతో పెద్దది చేసి, అద్దం లేని ఆ చోటు వంకే చాలాసేపు చూశారు.

గదిలో ఒక్కరే ఉన్నప్పుడు ఆయన ఫ్యాన్ వేసుకోరు. అదొక అలవాటైపోయింది. ధాత్రి అటుగా వెళ్తూ స్విచ్ నొక్కి, ఏమీ అనకుండా వచ్చేస్తుంది. మొన్న ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో ఉండగా ముందు గదిలోంచి ఆయన గొంతు వినిపించింది.

"ధాత్రీ, ఉక్కగా ఉందమ్మా. కాస్త ఫ్యాన్ వేస్తావా?"

స్విచ్ పక్కనే కూర్చుని ఉన్నారు, చెయ్యి చాపితే అందుతుంది. అయినా అడిగారు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపించేదాకా పొయ్యి వైపు తిరగలేదు.